పేరు పెట్టి నొక్కు

విజయనగరం వెళ్లే బస్సులో కిటికీ పక్కన కూర్చుని ఉన్నాను. ఊరు ఇంకా రాకముందే, కడుతున్న ఒక మేడ మీద ఆవిడ బొమ్మ కనిపించింది. ఆవిడ బొమ్మంటే ఫోటో కాదు. గుండె ఆగిన మనిషిని ఎలా నొక్కాలో నేర్పడానికి ఆవిడ ఊరూరా చంకనేసుకుని తిరిగిన రబ్బరు బొమ్మ. నడుం దాకానే ఉంటుంది, చేతులు కూడా ఉండవు. ఇప్పుడు దానికి తారుతో మీసాలు దిద్ది, మెడలో పాత చెప్పూ ఎండు మిరపకాయలూ వేలాడదీసి, పిట్టగోడ దగ్గర కర్రకు దిష్టిబొమ్మగా కట్టేశారు. ఎడమ చెవి లేదు, ఎలక కొరికేసింది. రొమ్ము మీద నీలం నైలాను దారంతో కుట్లున్నాయి. ఆ కుట్లు వేసింది నేనే.

మా వైపు ఆవిణ్ణి అందరూ సిస్టరమ్మ అనేవారు. మిషన్ ఆసుపత్రిలో నర్సుగా చేసి రిటైరైన మనిషి. పోయి ఏడాదయింది. నేనింకా ఆవిణ్ణి తిట్టుకుంటూనే ఉన్నాను.

పీలగా, నల్లగా ఉండేది. చీర మీద మగపిల్లలు వేసుకునే తెల్ల కాన్వాసు బూట్లు. ‘పరిగెట్టాల్సొస్తే సెప్పులు సంకనెట్టుకుంటానేటి?’ అనేది. బస్సెక్కితే బొమ్మకు కిటికీ సీటు. నిలబడ్డ ముసలాయన ఎవరైనా ఆ సీటు అడిగితే, బొమ్మ మీద కప్పిన తువ్వాలు సర్ది ‘పేసెంటు’ అని మొహం తిప్పుకునేది. తువ్వాలు ఎత్తి చూసి దడుచుకున్నవాళ్లను చూస్తే ఆవిడకు మహా సంతోషం. ఇంకెప్పుడూ ఆవిడ నవ్వగా నేను చూడలేదు.

క్లాసుకు ముందు ఎవరైనా ప్రార్థన చేయమంటే విసుక్కునేది. ‘ఆయన్నెందుకు కష్టపెట్టడం? ముందు నువ్వు నొక్కు’ అనేది. క్లాసులో ఎవడైనా కిసుక్కుమంటే దగ్గరికి పిలిచేది. ఒక చేత్తో ముక్కు బిగించి, రెండో అరచేయి నోటికి అడ్డం పెట్టేది. వాడి కళ్లు బయటికొచ్చి కాళ్లు కొట్టుకునేదాకా వదిలేది కాదు. ‘ఇదీ ఊపిరాడకపోడమంటే. ఇప్పుడు నవ్వు, సూస్తాను’ అనేది. సాలూరులో లారీ డ్రైవర్లు ఇంతింత బుజాలున్నవాళ్లు కూడా ఆవిడ ముందు బడిపిల్లల్లా బాసింపట్టు వేసుకుని కూర్చునేవారు.

ముక్కూ నోరూ మూయడం ఒక లెక్కలోది కాదు. ఆవిడ అసలు పద్ధతి వేరే ఉంది. బొమ్మ మీద చేతులు వేసే ముందు దానికి పేరు పెట్టాలి. ‘రబ్బరుముక్కనుకుని నొక్కితే రబ్బరుముక్కే బతుకుతాది. నీ ఇంట్లో మనిసి పేరెట్టు. పేరెట్టి నొక్కు’ అనేది. అమ్మ పేరో, పెళ్లాం పేరో, పిల్ల పేరో చెప్పి మొదలుపెట్టాలి. మోచేతులు వంగినా, లోతుగా దిగకపోయినా, ముప్ఫై లెక్కపెట్టే లోపల ఆగినా అయిపోయినట్టే. లేచి నిలబడి, అందరి ముందూ, గొంతెత్తి చెప్పాలి. ‘మా అమ్మని నానే సంపేసినాను’ అని. సణిగితే మళ్లీ చెప్పించేది.

సాలూరులో ఒక డ్రైవరు తన మూడేళ్ల కూతురి పేరు పెట్టి, ఇరవై దగ్గర అలిసి ఆగిపోయాడు. ఆ మాట అనలేక తువ్వాలు నోట్లో కుక్కుకుని ఏడ్చాడు. ఆవిడ బూటు కాలితో అతని మడమ మీద తట్టింది. ‘ఏడిస్తే గుండె ఆడతాదేటిరా? లెక్కెట్టు’ అంది. అతను మళ్లీ మొదలుపెట్టి ముప్ఫైకి ముప్ఫై నొక్కాడు. బయటికి వెళ్లి గోడవార కక్కుకున్నాడు.

నేను అంగన్‌వాడీ టీచరుని. మాది నౌపడ. మా ఇంటి మగవాళ్లు ఉప్పు మళ్లలో పని చేస్తారు. పైనుంచి ఆర్డరొచ్చిందని మమ్మల్నందర్నీ హైస్కూలు గదిలో కూర్చోబెట్టినప్పుడు ఆవిణ్ణి మొదటిసారి చూశాను. నా వంతు వచ్చింది. తమ్ముడి మీద ఆ పొద్దున కోపంగా ఉంది, నా ఫోను తీసుకుపోయి చార్జింగంతా తగలేశాడు. ఎవరి పేరన్నా ఒకటే కదా అనుకుని ‘సింహాద్రి, మా తమ్ముడు’ అన్నాను. పద్దెనిమిది దగ్గర జుట్టు ముడి ఊడిపోతే సర్దుకోవడానికి చేయి తీశాను.

‘జడ బాగున్నాదా?’ అంది ఆవిడ. ‘తమ్ముడు పోనాడు. సెప్పు.’

నవ్వొచ్చింది నాకు. నవ్వుతూనే చెప్పాను, మా తమ్ముణ్ణి నానే సంపేసినాను అని. నా వెనక కూర్చున్న మా అంగన్‌వాడీ ఆయమ్మ మాత్రం ‘ఓలమ్మా, అదేం మాటే’ అని చెంపలేసుకుంది. సాయంత్రానికి ఊరంతా తెలిసిపోయింది.

పదిహేను రోజులయ్యాక, మధ్యాహ్నం పూట, సింహాద్రిని కాలవలోంచి తీశారు. సముద్రపు నీళ్లు మళ్లలోకి తోడే మోటారు ఒకటుంది. దాని గొట్టానికి నాచు పట్టిందని తెల్లారగట్లే వెళ్లాడు. ఎప్పుడు జారాడో ఎవరికీ తెలియదు. పొద్దున టీ కొట్టు దగ్గర చూశానని ఒకరు, అది నిన్నటి మాటని ఒకరు. నేను పిల్లలకు గుడ్లు పెడుతూ ఉండగా కబురొచ్చింది. చేతులు కడుక్కోకుండా పరిగెత్తాను.

నేను వెళ్లేసరికి వాణ్ణి గట్టు మీద పడుకోబెట్టి ఉప్పులో పూడ్చుతున్నారు. మా దగ్గర అదొక నమ్మకం. నీళ్లు తాగి పోయిన మనిషిని మెడదాకా ఉప్పులో పూడిస్తే ఉప్పు ఆ నీళ్లన్నీ లాగేస్తుందని, నాలుగు గంటల్లో లేచి కూర్చుంటాడని. మిగతా ఊళ్లవాళ్లకు నమ్మకమున్నా ఉప్పు బస్తా కోసం వెతుక్కోవాలి. మాకా కష్టం లేదు. గుట్టలకు గుట్టలు పక్కనే ఉన్నాయి. పదిమంది మగవాళ్లు పారలతో ఎత్తి పోస్తున్నారు. మా పెదనాన్న పక్కన నిలబడి పురమాయిస్తున్నాడు. అమ్మ వాడి తల దగ్గర కూర్చుని కళ్లలో ఉప్పు పడకుండా కొంగు అడ్డం పెడుతోంది.

‘పెదనాన్నా, అలగ కాదు, గుండె మీద నొక్కాల. నాకొచ్చు’ అన్నాను.

‘ఒసే, ఊరుకో. ఇంతమంది మగోళ్లు సూస్తంటే మీద పడి నొక్కుతావేటి? ఉప్పు లాగుతాది. నీకేటి తెలుసు?’ అన్నాడు.

నేను ఊరుకున్నాను. ఇందులో చెప్పుకోవడానికి ఇంకేమీ లేదు. ఎవరూ నా చేతులు పట్టుకోలేదు, కొట్టలేదు. ఊరుకోమంటే ఊరుకున్నాను. చీర కుచ్చిళ్లు పిసుక్కుంటూ లోపల లెక్కపెట్టుకుంటూ నిలబడ్డాను. ఒకటి నుంచి ముప్ఫై దాకా, మళ్లీ ఒకటి నుంచి.

ఆ రోజు సిస్టరమ్మ పక్క ఊళ్లో క్లాసు చెబుతోంది. ఎవరు చెప్పారో, స్కూటరు వెనక కూర్చుని వచ్చేసింది. వెనకే అంబులెన్సు వచ్చింది. ఆవిడ మోకాళ్ల మీద కూర్చుని రెండు చేతులతో ఉప్పు తోడింది. మెడ దగ్గర రెండు వేళ్లు పెట్టింది. కనురెప్ప ఎత్తి చూసింది. దవడ పట్టుకుని అటూ ఇటూ కదపబోయి వదిలేసింది. అప్పుడు తలెత్తి గుంపులో నన్ను చూసింది.

‘రా’ అంది.

వెళ్లాను.

‘ఎంతసేపయినాది నువ్వొచ్చి?’

‘అరగంట.’

‘అరగంట సేపు ఏటి సేసినావు?’

నేను ఉప్పులో మోకాళ్ల మీద కూర్చున్నాను.

‘నోటితో ఊదక్కర్లేదు. నొక్కడమే. మొదలెట్టు’ అంది.

నొక్కాను. మోచేతులు వంచలేదు. జుట్టు ఊడి మొహం మీద పడినా తీసుకోలేదు. నా అరచేతుల కింద ఉప్పు రాళ్లు గీసుకుని, చర్మం లేచి, మంట పుట్టింది. ముప్ఫై, మళ్లీ ముప్ఫై. ఆవిడ చూస్తూ కూర్చుంది, చేయి వేయలేదు. నా చెమట వాడి రొమ్ము మీద పడుతోంది. ఎన్ని ముప్ఫైలు అయ్యాయో లెక్క తప్పిపోయాక ‘ఆపు’ అంది.

ఆగాను.

‘ఇప్పుడు సెప్పు.’

‘ఏటి సెప్పాల?’

‘కలాసులో సెప్పిందే.’

పెదనాన్న పార ఎత్తి మీదికొచ్చాడు, అంబులెన్సు అతను అడ్డం పడ్డాడు. ఆవిడ చూపు నా మీదనుంచి కదల్లేదు. మా అమ్మ ముందు, ఊరి ముందు, తమ్ముడి తల పక్కన కూర్చుని ఆ మాట చెప్పాను. ఈసారి నవ్వు రాలేదు.

ఆ తరవాత అమ్మ నాతో మాట్లాడ్డం మానేసింది. మాట్లాడితే ఒకటే మాట: ‘రెండుసార్లన్నావే. ఒకపాలి సాలనేదేటి నీకు?’ నేను నోటితో అన్నందుకే వాడు పోయాడని ఊళ్లో సగం మంది అన్నారు. ఉప్పు తీసేయకుండా ఉంటే సాయంత్రానికి లేచేవాడని మిగతా సగం అన్నారు. పూడ్చినవాళ్లను ఎవరూ ఏమీ అనలేదు.

పెద్దకర్మ అయిన మర్నాడు సిస్టరమ్మ మా వీధిలోకి వచ్చింది. చంకలో బొమ్మ. అరుగు మీద కూర్చున్న నా ఒళ్లో దాన్ని పడేసింది. ‘సాలూరెల్లాల. గుండె కాడ సిరిగిపోనాది, కుట్టు’ అంది. ఓదార్పు మాట ఒక్కటి లేదు. నేను సూదీ దారం తెచ్చి కుట్టాను. కుట్టడం అయ్యాక ఆవిడ వెనకే బస్సెక్కాను. ఎందుకు వెళ్లానని ఇప్పటికీ అడుగుతారు. ఇంట్లో నన్ను చూడలేని అమ్మ ఉండేది. ఈవిడ కనీసం నా కళ్లలోకి చూసేది. అంతకంటే వేరే కారణం లేదు.

ఆరేళ్లు సెలవురోజులన్నీ ఆవిడ వెంట తిరిగాను. ఆరేళ్లలో ఒక్కసారే అడిగాను. బొబ్బిలి బస్టాండులో ఇడ్లీ తింటున్నాం.

‘సిస్టరమ్మా, నాను వెల్లిన వెంటనే నొక్కుంటే మా తమ్ముడు బతికేవోడా?’

‘బతికేవోడు’ అంది. చట్నీ ఇంకొంచెం వేయమని కొట్టువాడికి ప్లేటు చాపింది.

నేను ఇడ్లీ వదిలేసి లేచిపోయాను. ఆవిడ నా ప్లేటులోవి కూడా తినేసి వచ్చి బస్సెక్కింది.

సాలూరులో లారీలు కడిగే షెడ్డు ఒకటుంది. ఒక రోజు దాని పక్కనే మా క్లాసు. ఒక్కసారిగా కేకలు. నీళ్ల మోటారు పట్టుకున్న కుర్రాడు షాకు కొట్టి నీళ్లలో పడి ఉన్నాడు. నేను పరిగెత్తాను. వెనకనుంచి జడ పట్టుకుని ఒక్క గుంజు గుంజింది సిస్టరమ్మ, వెల్లకిలా పడ్డాను.

‘ముందు నువ్వు సావకు! మెయిన్ ఆపినారేటి?’

ఎవరో వెళ్లి మెయిన్ తీసేశారు. అప్పుడు జడ వదిలింది. అప్పటికే ఇద్దరు ముసలివాళ్లు కుర్రాడి అరికాళ్లు రుద్దబోతున్నారు. ఒకడు ‘ఆడమనిసివి, నువ్వాగమ్మా’ అని చేయి అడ్డం పెట్టాడు. ఆ చేతిని కొరికాను. నిజంగానే కొరికాను, పళ్లు దిగాయి. కుర్రాడి మీద వంగి, పేరు పెట్టి, నొక్కాను. నాలుగో ముప్ఫైలో పక్కటెముక ఒకటి నా చేతి కింద పటుక్కుమంది. ఆగలేదు. ఇంకొంతసేపటికి వాడు పెద్దగా ఊపిరి తీసి కక్కుకున్నాడు.

సిస్టరమ్మ అంతసేపూ చేతులు కట్టుకుని నిలబడి చూసింది. ‘పర్లేదు’ అంది. ఆవిడ నోట ఎవరి గురించైనా ఆ మాట రావడం అదొక్కసారే. ఆ కుర్రాడికి ఇప్పుడు ఇద్దరు పిల్లలు. చలికాలంలో ఎముక నొప్పి పెడుతోందని నాకు ఫోను చేసి తిడుతుంటాడు.

ఇక ఆవిడ చావు. విజయనగరం బస్సు కాంప్లెక్సులో, పట్టపగలు, బెంచీ మీంచి పక్కకు ఒరిగిపోయింది. నేను ఆ రోజు అంగన్‌వాడీ సెంటర్లో ఉన్నాను. చుట్టూ పాతికమంది మూగారట. మూర్ఛేమోనని ఒకరు గుప్పిట్లో తాళాల గుత్తి పెట్టారు. ఒకరు సోడా కొట్టి నోట్లో పోశారు. ఏ రెండు పనులు చేయొద్దని ఆవిడ ప్రతి క్లాసులో అరిచేదో, ఆ రెండూ ఆవిడకే చేశారు. శవాన్ని దించేటప్పుడు కూడా గుప్పిట్లో ఎవరిదో స్కూటరు తాళం ఉంది.

అన్నింటికంటే పాడు సంగతి ఆటో నడిపే ఒకతను చెప్పాడు. అతను ఆవిడ దగ్గర నేర్చుకున్నవాడే. ఆ గుంపులోనే ఉన్నాడు.

‘అన్నీ గుర్తున్నాయమ్మా. సేతులు కూడా కలిపినాను. తప్పు నొక్కితే మద్దిలో లేచి తిడతాదేమోనని బయమేసినాది. మద్దిలో ఆపితే అందరి ముందూ ఆ మాట సెప్పాలి కదా’ అన్నాడు.

ఆవిడ సంపాదించుకున్నది ఆ భయమే.

సమాధి దగ్గర పెద్దగా జనం లేరు. అంబులెన్సు అతను వచ్చాడు, ఆ రోజు మా గట్టు మీద పెదనాన్నకు అడ్డం పడినతను. గొయ్యి పూడుస్తుంటే నా పక్కకొచ్చి నిలబడ్డాడు.

‘ఇన్నాల్లూ ఆవిడతో ఎలగ తిరిగినావమ్మా? మీ తమ్ముడి కాడ నిన్నలగ ఏడిపించాక?’ అన్నాడు.

‘నిజమే కదా అంది’ అన్నాను.

అతను నా వైపు తిరిగాడు. ‘ఏటి నిజం? మీవోడి దవడ బిగిసిపోనాది. మెడా బిగిసిపోనాది. నాను స్ట్రెచ్చరెక్కించినప్పుడు సూసినాను కాదేటి. నీటిలో ఐదారు గంటలుంటాడు. నువ్వు కాదు, పెద్ద డాకటరొచ్చినా లేవడు. సిస్టరమ్మకి పట్టుకోగానే తెలిసిపోనాది. తరవాత నాతో అన్నాది కూడాను.’

‘మరి నాకు సెప్పనేదేం?’

‘నానూ అడిగినాను. సెప్పేస్తే ఆ పిల్ల ఊరుకుంటాది, మళ్లీ ఎక్కడో అలగే నిలబడతాది, నాకు నిలబడే మనిసి అక్కర్లేదు అన్నాది.’

అందరూ తలా గుప్పెడు మట్టి వేశారు. నేను వేయలేదు. ఆరేళ్లు నన్ను హంతకురాలిని చేసి బస్సుల్లో తిప్పింది. మా అమ్మకు ఒక్క మాట చెప్పి ఉంటే అమ్మ నాతో మాట్లాడేది. ఆ మాట మోసుకుని ఇంటికి వెళ్లేసరికి అమ్మ పోయి రెండేళ్లయింది. గుప్పిట్లో మట్టి అలాగే పట్టుకుని గేటు దాకా వచ్చి, అక్కడ పారబోసి, చేతులు దులుపుకున్నాను.

సాలూరు కుర్రాడు గుర్తొస్తాడు, నిజమే. ఆ రోజు నేను కొరికింది వాళ్ల షెడ్డు ముసలాయన్ని కాదు, మా పెదనాన్నని. ఆ కసి లేకపోతే కుర్రాడు లేడు. అయినా సరే, నేను ఆవిణ్ణి క్షమించలేదు.

బస్సు దిగి వెనక్కి నడిచాను. మేడ దగ్గర తాపీమేస్త్రీ, ఇంటివాళ్ల ముసలమ్మ ఉన్నారు. సిస్టరమ్మ చుట్టాలు సామానంతా పాత ఇనప సామాన్లవాడికి వేసేశారట, బొమ్మ అక్కడినుంచి వచ్చింది. ముసలమ్మ ఒప్పుకోలేదు. ‘దిష్టికి కట్టింది దించకూడదమ్మా. అరిష్టం’ అంది. నేను సందు చివరికి వెళ్లి పెద్ద బూడిద గుమ్మడికాయ కొనుక్కొచ్చి, మేస్త్రీ బొగ్గుతో కళ్లూ కోరలూ నేనే దిద్ది ఇచ్చాను. ముసలమ్మ గుమ్మడికాయను అటూ ఇటూ తిప్పి చూసింది. ‘ఇదే బయంగా ఉన్నాది’ అని బొమ్మను దించనిచ్చింది. కిరసనాయిలుతో మీసాలు తుడిచాను. పూర్తిగా పోలేదు.

గత నెల మా మండలంలో కొత్తగా చేరిన అంగన్‌వాడీ టీచర్లకు నేనే రెండు రోజుల క్లాసు చెప్పాను. తాళాలూ సోడా వద్దన్నాను. ఉప్పు గురించి చెప్పాను. పేర్లు పెట్టమనలేదు. సరిగ్గా నొక్కనివాళ్లకు మళ్లీ చూపించాను. అందరూ నవ్వుతూ తుళ్లుతూ నేర్చుకున్నారు. ‘మేడం బలే మంచోరు’ అనుకోవడం నాకు వినిపించింది.

మొదటి రోజు అయిపోయాక ఒక పిల్ల ఉండిపోయింది. కొత్తగా పెళ్లయిన పిల్ల, మెళ్లో పసుపుతాడు ఇంకా మెరుస్తోంది. ముక్కు చీదుకుని మొదలుపెట్టింది. వాళ్ల నాన్న జీడితోటలో కాపలా పడుకునేవాడట. పొద్దున టీ పట్టుకుని వెళ్లి లేపితే లేవలేదట.

‘సల్లగా ఉన్నాడు మేడం. టీ గలాసు సేతికిద్దామంటే ఏళ్లు ఇడదీయలేకపోనాను. కర్రలాగ. నానక్కడే కూకుండిపోనాను. మేడం, నాకప్పుడిది వచ్చుంటే, నాను నొక్కుంటే, మా నాన్న బతికేవోడా?’

జవాబు నాకు తెలుసు. వేళ్లు బిగిసిపోయాయని ఆ పిల్లే చెప్పింది. నువ్వు వెళ్లేసరికే చాలాసేపయిందమ్మా, నీ తప్పేం లేదు, ఇంటికెళ్లి అన్నం తిను అంటే చాలు. ఆరేళ్లు ఆ మాట కోసం నేను ఒక రాక్షసి మొహం వంక చూస్తూ కూర్చున్నాను. ఆ మాట నా నాలిక మీద ఉంది. ఆ పిల్ల వైపు చూశాను. పొద్దుట్నుంచీ దాన్ని గమనిస్తూనే ఉన్నాను. బొమ్మ మీద చేతులు వేయమంటే రెండుసార్లు వేసి, రెండుసార్లూ పక్కవాళ్ల మొహాలు చూసి తీసేసింది.

‘బతికేవోడు’ అన్నాను.

ఆ పిల్ల మొహంలోకి అలాగే చూశాను, తల తిప్పుకోలేదు. ‘రేపు పెందలాడే రా’ అన్నాను. బొమ్మ మీద తువ్వాలు కప్పి, చంకనేసుకుని బయటికొచ్చాను.

మర్నాడు నేను వెళ్లేసరికి ఆ పిల్ల అందరికంటే ముందొచ్చి గది తలుపు దగ్గర నిలబడి ఉంది. కళ్లు వాచిపోయాయి. చేతులు మాత్రం అప్పటికే ఒకదాని మీద ఒకటి వేసి, వేళ్లు పెనవేసుకుని ఉంది.